అవయవ మార్పిడి తరువాత ఎండలో ఎలా మెలగాలి, చర్మాన్ని ఎలా చూసుకోవాలి

మూత్రపిండమో కాలేయమో మార్పిడి చేయించుకొని ఇంటికి వచ్చేవారి చేతిలో ఆసుపత్రివాళ్లు పెట్టే కాగితంలో మాత్రల వేళలు, నీళ్ల లెక్క, ఉప్పు, మాస్కు, బయటి తిండి గురించి వివరంగానే ఉంటుంది. మా అన్నకు మూత్రపిండ మార్పిడి జరిగినప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రం ఎండ గురించి ఒక్క మాట కూడా లేదు. ఆయన పత్తి చేను చేసుకునే మనిషి. ఆ కాగితంలో ఉన్నదంతా తు.చ. తప్పకుండా పాటిస్తూ, నెలనెలా రక్త పరీక్ష చేయించుకుంటూ, మిట్టమధ్యాహ్నం చేతుల బనీనుతో చేనులోనే ఉండేవాడు. కొన్నేళ్లకు చెవి పైఅంచు మీద మానని పొక్కు ఒకటి కనిపించింది. చర్మం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో (బయాప్సీ) అది క్యాన్సరుకు ముందు దశ అని తేలిన తరువాతనే, ఆయన వేసుకునే మందులకూ ఎండకూ సంబంధం ఉన్నదని మా ఇంట్లో తెలిసింది. నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట వైపు ఎండను తప్పించుకొని బతకగలిగినవాళ్లు తక్కువ. చేను, మేకలు, తాటిచెట్లు, ఇటుక బట్టీ, మేస్త్రీ పని, ఉపాధి హామీ పని, దేనికి పోయినా నెత్తి మీద ఎండ ఉంటుంది. అందుకని పని మానుకొమ్మని చెప్పకుండా, పని చేసుకుంటూనే ఏమేమి మార్చుకోవచ్చునో వరుసగా రాస్తున్నాను.

ముందుగా, ఎందుకు జాగ్రత్తపడాలో తెలుసుకోండి

శరీరం కొత్త అవయవాన్ని పరాయిదిగా గుర్తించి దాని మీదికి దూకకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని అణచి ఉంచే మాత్రలు ఎప్పటికీ వేసుకోవలసి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్రతి మనిషి చర్మకణాల్లోని డీఎన్‌ఏను రోజూ కొంత చెడగొడుతూనే ఉంటాయి. కణం దానిని బాగుచేసుకుంటుంది, బాగుపడక దారితప్పిన కణాన్ని రోగనిరోధక వ్యవస్థ పసిగట్టి తొలగిస్తుంది. ఈ మాత్రలు అవయవాన్ని కాపాడే క్రమంలో ఆ కావలిని కూడా నిద్రపుచ్చుతాయి. సైక్లోస్పోరిన్ అయితే డీఎన్‌ఏ మరమ్మతుకే అడ్డుపడుతుంది. అజాథయోప్రిన్ శరీరంలో మారి పుట్టే పదార్థం చర్మకణాల డీఎన్‌ఏలోనే చేరి, ఎండలోని యూవీఏ కిరణాలను (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) పీల్చుకొని లోపలి నుంచి హాని చేస్తుంది.

తెల్ల చర్మం వాళ్లు ఎక్కువగా ఉండే యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాల లెక్కల్లో, అవయవ మార్పిడి పొందినవాళ్లకు స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సరు మిగతా జనం కంటే 65 నుంచి 250 రెట్లు ఎక్కువగా వస్తున్నట్టు తేలింది. ఈ అంకెలను చూసి మనవాళ్లు హడలిపోనక్కరలేదు. మన చర్మంలోని నల్లరంగు పదార్థం సహజంగా కొంత అడ్డుకుంటుంది, కనుక మన ముప్పు వాళ్ల ముప్పు కంటే చాలా తక్కువ. అయితే తక్కువ అంటే లేదని కాదు. పైగా మనవంటి చర్మంలో ఈ జబ్బు వచ్చినప్పుడు ఎవరూ అనుమానించక ఆలస్యంగా పట్టుబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుందే గాని తగ్గదు. మార్పిడి జరిగిన మొదటి రెండు మూడేళ్లు ఏమీ కాలేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. గుండె, ఊపిరితిత్తుల మార్పిడి పొందినవాళ్లకు మందుల మోతాదు ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మొదటి పని: మీ మందుల జాబితాను ఎండ కోణంలో ఒకసారి చూపించుకోండి

తరువాతి సారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మీరు వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ, బీపీ మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్లి, "వీటిలో ఏవి వేసుకుంటే ఒంటికి ఎండ పడదు?" అని సూటిగా అడగండి. అజాథయోప్రిన్ సంగతి పైన చెప్పాను. ఫంగస్ జబ్బులకు ఇచ్చే వోరికొనజోల్‌ను నెలల తరబడి వాడితే చర్మం ఎండకు తొందరగా కమిలిపోవడమే కాక క్యాన్సరు ముప్పు కూడా పెరుగుతుంది. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్‌కూ ఇటువంటి గుణమే ఉంది. బీపీ మాత్ర పేరు చివర "హెచ్" అనే అక్షరం ఉంటే అది చాలాసార్లు ఈ మందు కలిసిన మాత్రే అయి ఉంటుంది. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు వాడినన్ని రోజులూ ఎండలో చర్మం మంట పుట్టవచ్చు. ఊళ్లో మందుల దుకాణంలో జ్వరానికో పుండుకో అడిగి తెచ్చుకునే అలవాటు ఉన్నవాళ్లు దీనిని గుర్తుంచుకోవాలి.

ఇది చదివి ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రను కొద్దిరోజులు మానినా అవయవాన్ని శరీరం తిరస్కరించవచ్చు, ఆ నష్టం వెంటనే జరుగుతుంది. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది మార్పిడి వైద్యులు తేల్చవలసిన విషయం. సిరోలిమస్ వంటి మందుల్లో చర్మ క్యాన్సరు ముప్పు తక్కువని తెలిసింది కాబట్టి అవసరమైనవాళ్లకు వైద్యులు అటువైపు మార్చడం ఉంది, కాని అది అందరికీ సరిపడే మందు కాదు.

రెండవ పని: ఎండను వేడితో కాక నీడతో కొలవడం నేర్చుకోండి

మన దగ్గర ఎండ అంటే వేడి. ఒళ్లు మాడితే ఎండ ఉన్నట్టు, చల్లగా ఉంటే లేనట్టు లెక్క. వేడి మీద ఆధారపడిన ఆ లెక్క వడదెబ్బకు సరిపోతుంది గాని దీనికి సరిపోదు, ఎందుకంటే చర్మాన్ని చెడగొట్టే అతినీలలోహిత కిరణాలకు వేడి ఉండదు, కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. సంక్రాంతి రోజుల్లో చలిగాలికి ఎండ హాయిగా అనిపిస్తుంది, పత్తి ఏరేవాళ్లు వీపు కాచుకుంటూ పనిచేస్తారు. అప్పుడు కూడా ఆ కిరణాలు పడుతూనే ఉంటాయి.

దీనికి ఖర్చు లేని కొలబద్ద మీ నీడే. నిటారుగా నిలబడి చూసుకోండి. నీడ మీ ఎత్తు కంటే పొడుగ్గా ఉంటే కిరణాల తీవ్రత తక్కువ, పొట్టిగా ఉంటే ఎక్కువ. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 5 ప్రాంతంలో మరొకసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గడియారంలో మనకు అసలైన మిట్టమధ్యాహ్నం 12 గంటలకు కాక సగటున 12:10 దాటాక అవుతుంది, మహబూబ్‌నగర్‌లో ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యం. ఈ లెక్కన చూస్తే మే నెలలో ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 3:20 దాకా మీ నీడ మీ కంటే పొట్టిగానే ఉంటుంది. డిసెంబరు చివరి వారంలో, అంటే సూర్యుడు బాగా దక్షిణానికి వాలిన రోజుల్లో కూడా, దాదాపు 10:50 నుంచి 1:30 దాకా నీడ పొట్టిగానే పడుతుంది. అంటే ఈ ప్రాంతంలో ఏడాదిలో ఒక్కరోజు కూడా మధ్యాహ్నపు ఎండను నిర్లక్ష్యం చేయడానికి వీలు లేదన్న మాట.

అన్నింటి కంటే మోసపోయేది ఆగస్టులో. వరినాట్ల కాలం, ఆకాశం మబ్బుగా ఉంటుంది, అడపాదడపా జల్లు పడుతుంది, ఎండ ఉందని ఎవరూ అనుకోరు. సూర్యుడు మాత్రం అప్పుడు నడినెత్తి మీదే ఉంటాడు, పలుచని మబ్బుల గుండా 80 శాతం దాకా అతినీలలోహిత కిరణాలు దిగిరాగలవు. మబ్బులో నీడ కనబడదు కాబట్టి ఆ రోజుల్లో గడియారాన్నే నమ్ముకోండి. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు వాతావరణం చూపే యాప్‌లో యూవీ సూచిక అనే అంకెను చూడవచ్చు: 3కి చేరితే ఒళ్లు కప్పుకోవాలి, 8కి చేరితే తీవ్రం, 11కి చేరితే అతితీవ్రం.

ఇక పనివేళలు మార్చుకోండి. మందు కొట్టడం, కలుపు తీయించడం, మోటారు దగ్గరికి పోవడం, గట్లు చెక్కడం వంటివి తెల్లవారగానే మొదలుపెట్టి 9 గంటలకల్లా ముగించి, మిగిలినది సాయంత్రం 4 తరువాత చేసుకోవచ్చు. ఎండాకాలంలో మనవాళ్లు ఎలాగూ ఇట్లాగే చేస్తారు, చేయవలసిందల్లా ఆ పద్ధతిని మిగతా నెలలకూ సాగదీయడమే. కూలికి పోయేవారికి వేళ తమ చేతిలో ఉండదు. అటువంటివారు మేస్త్రీకో గుంపు పెద్దకో సంగతి చెప్పి, నీడ పట్టున ఉండే పని, అంటే గింజలు ఒలవడం, సంచులు కుట్టడం, లోపలి ప్లాస్టరింగు వంటివి, మధ్యాహ్నం పూటకు అడిగి పెట్టించుకోవాలి. అడగడానికి మొగమాటపడతారని తెలుసు; మూత్రపిండం కోసం ఇంటిల్లిపాదీ పడిన తిప్పలతో పోలిస్తే ఇది చిన్న మాట.

మూడవ పని: క్రీము కంటే ముందు బట్ట చూసుకోండి

పట్నంలో ఎవరిని అడిగినా మొదట సన్‌స్క్రీన్ పేరు చెబుతారు. చేనులో చెమట పట్టే మనిషికి బట్టే మొదటి రక్షణ అని నా అభిప్రాయం. బట్ట చెమటకు కారిపోదు, రెండు గంటలకొకసారి మళ్లీ రాయనక్కరలేదు, ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది.

బట్టను ఎంచుకునేటప్పుడు దానిని వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. అవతలి వెలుతురు పోగుల సందుల్లోంచి కనబడుతుంటే కిరణాలు కూడా అలాగే దూరతాయి. ఉతికి ఉతికి పలచబడిన తెల్ల నూలు అంగి ఒంటికి హాయిగా ఉంటుంది గాని ఈ విషయంలో బలహీనం. దగ్గరి నేత ఉన్న ముదురు రంగు బట్ట మేలు. చెమటకో నీళ్లకో తడిసిన నూలు బట్ట పొడిబట్ట కంటే ఎక్కువ కిరణాలను లోపలికి వదులుతుంది, అందుకని చేనుకు వెళ్లేటప్పుడు రెండో అంగి వెంట ఉంచుకోండి.

మగవాళ్లకు నిండు చేతుల అంగి, కాళ్లు కప్పే లాగు. ధోవతి ఎగగట్టితే పిక్కలు, పాదాలు బయటపడతాయి. తలకు రుమాలు చుట్టుకోవడం మన అలవాటే, కాని రుమాలు నెత్తిని కప్పి చెవులను, మెడ వెనుక భాగాన్ని వదిలేస్తుంది. చెవి పైఅంచు, మెడ, కింది పెదవి ఈ జబ్బుకు ఇష్టమైన చోట్లు. ఒక కొసను చెవుల మీదుగా దించి మెడ వెనుకకు వేలాడేటట్టు చుట్టుకోండి. క్రికెట్ ఆటగాళ్లు పెట్టుకునే, ముందు మాత్రమే అంచు ఉండే టోపీ కంటే చుట్టూ మూడు అంగుళాల అంచు ఉన్న టోపీ ఎంతో మెరుగు. ఆడవాళ్లు పత్తి ఏరేటప్పుడు చీర మీద మగవాళ్ల నిండుచేతుల అంగి తొడుక్కొని, తలకు తువ్వాల కట్టుకుంటారు. ఆకు గీరుకోకుండా వచ్చిన ఈ పద్ధతి ఎండకు కూడా దాదాపు సరిగ్గా సరిపోతుంది. మార్పిడి పొందిన ఆడవాళ్లు దీనినే కలుపుకు, నాటుకు, బజారుకు కూడా కొనసాగిస్తే చాలు. చీర మాత్రమే కట్టినప్పుడు నడుము, వీపు పైభాగం, మోచేతులు బయట ఉంటాయని గుర్తుంచుకోండి. ఎవరికైనా ఒంటి మీద బొల్లి మచ్చలు ఉంటే అక్కడ చర్మానికి రంగు రక్షణ లేదు, ఆ భాగాన్ని తప్పక కప్పాలి.

నీడలో కూర్చున్నామంటే కిరణాలు పూర్తిగా ఆగినట్టు కాదు. గుబురుగా ఉన్న వేపచెట్టు, చింతచెట్టు మంచి నీడ ఇస్తాయి. తాటిచెట్టు నీడా, బత్తాయి తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య పడే పలుచని నీడా అరకొరవే. ఛత్రి పట్టుకుంటే నల్లది, మందమైనది పట్టుకోండి. నేల నుంచి కూడా కొంత ఎగిసి వస్తుంది: పొడి ఇసుక 15 శాతం దాకా కిరణాలను తిరిగి పైకి పంపుతుంది, కాబట్టి వాగు దగ్గర ఇసుక పని చేసేవారికి టోపీ ఒక్కటే చాలదు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మే నెలలో ఒళ్లంతా మందంగా కప్పుకొని మిట్టమధ్యాహ్నం పనిచేస్తే చర్మం సంగతి అటుంచి వడదెబ్బ తగులుతుంది, ఒంట్లో నీళ్లు తగ్గి మార్పిడి చేసిన మూత్రపిండమే దెబ్బతినవచ్చు. అందుకే వేళను ముందు, బట్టను తరువాత చెప్పాను. డాక్టరు చెప్పిన నీళ్ల లెక్క ప్రకారం సీసా వెంట ఉంచుకోండి.

నాలుగవ పని: బట్ట కప్పని చోట సన్‌స్క్రీన్ రాయండి

ముఖం, చెవులు, మెడ, అరచేతుల వెనుక భాగం, చెప్పుల్లో కనబడే పాదాలు. క్రీము అవసరమైనవి ఇవే. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు, 50 అయితే మంచిది. ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ అనే మరో రకం అతినీలలోహిత కిరణాల గురించే చెబుతుంది. యూవీఏ రక్షణకు పీఏ అన్న అక్షరాల పక్కన మూడో నాలుగో ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూడాలి, అజాథయోప్రిన్ వాడేవాళ్లు ఈ రెండో గుర్తును అసలు వదలకూడదు. చెమటకు తట్టుకునే రకం అడగండి.

చూపుడు వేలు, నడిమి వేలు రెండింటి పొడుగునా గీతలా పిండితే వచ్చేంత క్రీము ముఖానికి, మెడకు పడుతుంది; చెవులు, చేతులకు మళ్లీ అంత. బయలుదేరడానికి 20 నిమిషాల ముందు రాసుకొని, రెండు గంటలకొకసారి, తువ్వాలతో ముఖం గట్టిగా తుడుచుకున్నప్పుడు మరొకసారి రాసుకోవాలి. మనవాళ్లు చేసే పొరపాటు పొదుపు: బఠాణీ గింజంత తీసుకొని ముఖమంతా పులుముతారు, అప్పుడు డబ్బా మీది అంకెకు అర్థం లేదు. సరైన కొలతలో ఒకసారికి రెండు గ్రాముల దాకా పడుతుంది, 50 గ్రాముల ట్యూబు పాతిక సార్లకు అయిపోతుంది. రోజూ రెండుసార్లు రాస్తే రెండు వారాలు కూడా రాదు. ఈ ఖర్చు అందరూ భరించలేరు. అందువల్లనే బట్టతో కప్పగలిగినదంతా కప్పి, మిగిలిన జానెడు చోటుకు క్రీము ఉంచుకొమ్మంటున్నాను.

జర్మనీలో అవయవ మార్పిడి పొందిన 120 మందిని 24 నెలలు గమనించిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. క్రమం తప్పక క్రీము వాడిన 60 మందిలో చర్మం లోపలికి పాకే స్క్వామస్ క్యాన్సరు కొత్తగా ఒక్కటీ రాలేదు, మిగతా 60 మందిలో ఎనిమిది వచ్చాయి. వాళ్లు తెల్ల చర్మంవాళ్లు, మనకు అంతే లాభం ఉంటుందని చెప్పలేం, కాని క్రీము పనిచేసే వస్తువేనని దీనివల్ల తెలుస్తుంది.

క్రీముకు బదులు పసుపు, శనగపిండి, ముల్తానీ మట్టి పనికిరావు. నిమ్మరసం ముఖానికి రాసుకొని ఎండలోకి వెళ్లడం మరీ ప్రమాదం, నిమ్మలోని పదార్థం ఎండ తగిలినప్పుడు చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. నకిరేకల్ వైపు నిమ్మతోటల్లో కాయలు కోసేవాళ్లు పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తెల్లబడతారని సంతలో అమ్మే క్రీముల్లో కొన్నింట్లో చెప్పకుండా స్టెరాయిడ్ కలుపుతారు, వాటిని ముట్టవద్దు.

ప్రయాణాలు, పిల్లలు, విటమిన్ డి

బస్సు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది గాని యూవీఏను చాలావరకు లోపలికి వదులుతుంది. మహబూబ్‌నగర్ నుంచి పొద్దున హైదరాబాదు వెళ్లేటప్పుడు బస్సు ఈశాన్యం వైపు సాగుతుంది, ఎండ కుడివైపు పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా పడమటి ఎండ కుడివైపే. కాబట్టి రానూపోనూ ఎడమవైపు సీటు చూసుకోండి. బైకు నడిపేవాళ్లకు చేతుల వెనుక భాగం మాడిపోతుంది, రోడ్డు పక్కన అమ్మే చేతి తొడుగులు చాలు. కురుమూర్తి, చెర్వుగట్టు జాతరలకు వెళ్లేవాళ్లు దర్శనం క్యూలో గంటలు నిలబడవలసి వస్తుందని ముందే ఎరిగి తెల్లవారుజామున వెళ్లాలి. మార్పిడి జరిగిన పిల్లలుంటే బడిలో పంతులుగారికి చెప్పి, ఆటల పిరియడు పొద్దున్నో సాయంత్రమో ఉండేటట్టు, ప్రార్థన నీడలో నిలబడేటట్టు చూడమని అడగండి. వాళ్ల ముందు ఇంకా చాలా ఏళ్ల ఎండ ఉంది.

ఎండకు దూరమైతే విటమిన్ డి తగ్గుతుంది. పైన చెప్పిన జర్మనీ అధ్యయనంలో క్రీము వాడినవాళ్లలో అది కొంత తక్కువగానే కనిపించింది. మార్పిడి తరువాత చాలామంది వేసుకునే స్టెరాయిడ్ మాత్రల వల్ల ఎముకలు ఎలాగూ బలహీనపడతాయి. మునుగోడు, మర్రిగూడ వంటి, నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను దెబ్బతీసిన ప్రాంతాల్లో ఒళ్లునొప్పులకు కారణం ఏదో తేల్చుకోవడమే కష్టం. అందుకని ఏడాదికొకసారి రక్తంలో విటమిన్ డి చూపించుకొని, తక్కువైతే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి. దుకాణంలో అడిగి వారానికొకటని మింగడం మూత్రపిండ రోగులకు తగదు.

అయిదవ పని: నెలకొకసారి ఒళ్లంతా వెతకండి

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా ఇదే. నెల మందులు తెచ్చుకునే రోజునే ఈ పనికి పెట్టుకోండి, మరచిపోరు. పగటి వెలుతురులో, తలుపు వేసుకొని, అద్దం ముందు నిలబడి నెత్తి నుంచి పాదం దాకా చూసుకోవాలి. వీపు, చెవుల వెనుక, మెడ వెనుక మీకు కనబడవు కాబట్టి భార్యో భర్తో అమ్మో ఒకరు తోడుండాలి. దువ్వెనతో పాయలు తీసి మాడు చూడాలి. కింది పెదవిని, నోటి లోపలి భాగాన్ని చూడాలి; గుట్కా, జర్దా అలవాటు ఉన్నవారికి ఇది రెండింతలు ముఖ్యం.

ఎండ తగిలిన చోటే చూసి ఆపేయకండి. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఈ జబ్బులు ఎండ తగలని చోట్ల కూడా తలెత్తుతాయి: అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద, తొడల సందులు, మర్మాంగాల దగ్గర. పులిపిర్లు కలిగించే వైరస్‌లోని కొన్ని రకాలు అక్కడ క్యాన్సరుకు దారితీస్తాయి, మందుల వల్ల ఆ వైరస్‌ను శరీరం అణచలేదు. సిగ్గుపడి ఆ భాగాన్ని వదిలేస్తే వెతకడంలో సగమే అయినట్టు. పాత కాలిన మచ్చ, ఏళ్ల తరబడి మానని పుండు ఉన్నా ప్రత్యేకంగా చూడాలి.

వేటిని అనుమానించాలి? నాలుగు వారాలైనా మానని పుండు. గోకితే రక్తం కారి, పక్కు కట్టి, మళ్లీ పుండయ్యేది. వేలితో తడిమితే గరుకు కాగితంలా తగిలే పొలుసు మచ్చ. ఇది కంటి కంటే వేలికే ముందు తెలుస్తుంది. వారాల్లో పెరిగే బొడిపె, ముట్టుకుంటే నొప్పి పుట్టేది మరీ ముఖ్యం. రూపు మారిన పులిపిరి. అంచు వంకరటింకరగా ఉండి రంగు మారుతున్న పుట్టుమచ్చ. అరికాలిలో కొత్తగా వచ్చిన నల్లమచ్చ, ఒకే గోరులో పొడుగునా వెడల్పవుతున్న నల్లచార. ఊదారంగులో ఉబ్బిన మచ్చలు. వీటిలో చాలావరకు చివరికి ఏమీ కాకపోవచ్చు, కాని ఏది ఏమిటో తేల్చేది మీరు కాదు, పరీక్ష. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోనులో ఫోటో తీసి, తారీఖు, చోటు ఒక నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే నెల అదే దూరం నుంచి మరొక ఫోటో తీస్తే పెరిగిందో లేదో వాదన లేకుండా తెలుస్తుంది.

కనబడినదాని మీద ఇంటి వైద్యం చేయవద్దు. పులిపిరికి గుర్రపు వెంట్రుక కట్టడం, సున్నం పెట్టడం, జీడి అంటించడం మన ఊళ్లలో మామూలే. రోగనిరోధక శక్తి తగ్గిన ఒంటి మీద ఇవి చీము పట్టిస్తాయి, అసలు జబ్బు పైకి కనబడకుండా చేస్తాయి.

ఆరవ పని: చర్మ వైద్యులకు చూపించండి, ముక్క పరీక్షకు భయపడకండి

ఏమీ లేకపోయినా ఏడాదికొకసారి చర్మ వైద్యుల చేత ఒళ్లంతా చూపించుకోవాలి. ఒకసారి క్యాన్సరో దాని ముందు దశో వచ్చినవాళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి వెళ్లాలి, ఎందుకంటే ఒకటి వచ్చిన చర్మంలో రెండోది రావడం ఎక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉంటుంది, ప్రతిదానికీ హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. ఇంకా డయాలసిస్‌లోనే ఉండి మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు ఇప్పుడే ఒకసారి చూపించుకుంటే, ఉన్న పులిపిర్లను, మచ్చలను ముందే బాగుచేయించుకోవచ్చు.

వైద్యులు అనుమానిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సరు ఒళ్లంతా పాకుతుందన్న మాట ఊళ్లలో గట్టిగా ఉంది. అది నిజం కాదు. మత్తు సూది వేసి పది, పదిహేను నిమిషాల్లో ముగిసే పని అది. ముందు దశలో ఉన్నదానిని చలువతో గడ్డకట్టించో, పూత మందుతోనో తొలగిస్తారు, క్యాన్సరైతే కోసి తీస్తారు, అవసరమైతే హైదరాబాదులోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రికి పంపుతారు. తొందరగా దొరికినవాటిలో ఎక్కువ భాగం ఆ ఒక్క కోతతోనే పోతాయి. మార్పిడి పొందినవాళ్లలో ఆలస్యమైతే మాత్రం స్క్వామస్ క్యాన్సరు మామూలు వాళ్లలో కంటే వేగంగా మెడలోనో చంకలోనో ఉండే లింఫు గ్రంథులకు పాకుతుంది.

నికోటినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రకం) మాత్రలు వేసుకుంటే చర్మ క్యాన్సరు రాదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. మార్పిడి జరగని, అంతకుముందే చర్మ క్యాన్సరు వచ్చినవాళ్లలో అది కొంత పనిచేసినట్టు 2015లో తేలిన మాట నిజమే, కాని అవయవ మార్పిడి పొందినవాళ్ల మీద చేసిన పరీక్షలో ప్రయోజనం కనబడలేదని 2023లో వెల్లడైంది. ఆ డబ్బులు సన్‌స్క్రీన్‌కు పెట్టుకోండి.

లోపలికి వెళ్లగానే మొదటి మాటగా, "నాకు ఫలానా సంవత్సరంలో మూత్రపిండ మార్పిడి జరిగింది, ఈ మందులు వాడుతున్నాను" అని చెప్పండి. వరుసలో రద్దీగా ఉన్నప్పుడు మచ్చ ఒక్కటే చూపిస్తే తామర మందు రాసి పంపే అవకాశం ఉంది. మా అన్నకు మొదటిసారి ఒకచోట జరిగింది అదే: రెండు నెలలు పూతమందు రాసుకున్న తరువాత ఇంకొక వైద్యురాలు మందుల అట్టలు చూసి ముక్క పరీక్ష రాశారు. పరీక్ష కాగితం రాగానే దాని నకలు ఒకటి తీసి మార్పిడి ఆసుపత్రి ఫైలులో పెట్టించండి, మోతాదు మార్చాలా వద్దా అని చూసేది అక్కడివాళ్లే.